గీత మారినా... నది ఒక్కటే!

పాత పటాల్లో కృష్ణమ్మ ఓ సరిహద్దు గీత. ఉత్తరాన నిజాం రాజ్యం, దక్షిణాన కర్నూలు నవాబు సీమ. 1839లో దక్షిణపు ఒడ్డు కంపెనీ పాలనలోకి వెళ్లింది. 1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమయ్యాయి. 2014లో గీత మళ్లీ పడింది. 2022లో ఏర్పడ్డ నంద్యాల జిల్లాకి ఉత్తరపు పొలిమేర అదే.

నల్లమలకి మాత్రం ఆ గీత పట్టదు. చెంచుగూడేలు రెండువైపులా ఉన్నాయి. ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలం నరసింహస్వామి చెంచులకి సాక్షాత్తూ ఇంటల్లుడు!

ఎటొచ్చీ నది దాటడమే కష్టం. శ్రీశైలం జలాశయం వచ్చాక నీళ్లు విస్తరించాయి. సిద్ధేశ్వరం నుంచి ఎదురుగా ఉన్న సోమశిలకి పడవెక్కాలి, లేదంటే కర్నూలు మీదుగా చుట్టూ తిరగాలి. 2007లో ఈ నీళ్లలోనే పడవ మునిగి 61 మంది చనిపోయారు. కల్వకుర్తి-నంద్యాల రహదారిలో భాగంగా ఇక్కడ తీగల వంతెనకు 2022లో కేంద్రం అనుమతిచ్చింది. అది పూర్తయితే... అవతలి ఒడ్డున చుట్టాలింటికి వెళ్లేందుకు ప్రాణాలు అరచేతిలో పెట్టుకోనక్కర్లేదు.