ఆపాలంటే కలపాలా, విడదీయాలా?

పాత బజాజ్ చేతక్ నడిపినవాళ్ళ బొటనవేలికి ఒక అలవాటు ఉండేది. ఇంటిముందు బండి ఆపి, హ్యాండిల్ మీది స్విచ్ బాక్సులో ఉన్న చిన్న బటన్‌ని నొక్కి పట్టుకునేవారు. ఇంజన్ పూర్తిగా చచ్చేదాకా వేలు తీయకూడదు. తొందరపడి తీస్తే మళ్ళీ అందుకునేది. పక్కింటాయన బుల్లెట్‌కి ఈ తిప్పలు లేవు. తాళం తిప్పితే చాలు, వీధి నిశ్శబ్దం.

రెండుచోట్లా జరిగిన పని ఒకటే. లోపలి సంగతి మాత్రం తలకిందులు. చేతక్ బటన్ తీగల్ని కలిపి ఇంజన్‌ని ఆపింది, బుల్లెట్ తాళం తీగను విడదీసి ఆపింది. పాత మోటార్‌సైకిల్‌ని బాగుచేయించి, దానికి ఎర్రటి కిల్ స్విచ్ కూడా పెట్టించాలని ముచ్చటపడేవాళ్ళు మొదట పట్టుకోవలసిన కిటుకు ఇదే. ఇది తప్పిందంటే బండి స్టార్టవదు, లేదా ఆగదు. కొన్ని బళ్ళలో ఖరీదైన పెట్టె ఒకటి కాలిపోతుంది.

తాళం ఉండగా ఇంకో స్విచ్ దేనికి? పాత కార్బరేటర్లలో ఎక్సిలరేటర్ కేబుల్ లాగినప్పుడల్లా పైకి లేచే స్లైడు ఒకటి ఉంటుంది. అరిగిన స్లైడు పైనే ఇరుక్కుంటే, లేదా కేబుల్లో ఒక పోగు తెగి తొడుగులో పట్టేస్తే, చెయ్యి వదిలేసినా ఇంజన్ గోల పెడుతూనే ఉంటుంది. ఆ క్షణంలో హ్యాండిల్ వదిలి తాళం కోసం తడుముకోవడం ప్రమాదం. పెట్రోల్ కాక్ మూసినా లాభం లేదు, కార్బరేటర్ గిన్నెలో మిగిలింది అయిపోయేదాకా ఇంజన్ తిరుగుతుంది. వేలికి అందేచోట ఒక మీట కావాలి.

అమెరికా దీన్ని చట్టంలోనే రాసుకుంది. 1974 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఇంజన్ ఆపే అదనపు మీట కుడిచేతి హ్యాండిల్ మీద ఉండాలి. గేరు ఎడమ కాలికి, వెనక బ్రేకు కుడి కాలికి అని తేల్చింది కూడా ఆ నిబంధనే. అందుకే ట్రయంఫ్ లాంటి బ్రిటిష్ కంపెనీలు తరాలుగా కుడివైపున్న గేరును ఎడమకు మార్చాయి. మద్రాసు బుల్లెట్ మాత్రం చాలా ఏళ్ళు కుడికాలి గేరుతోనే తిరిగింది. దానికి ఇంకో సౌకర్యమూ ఉండేది, ఎడమచేతి దగ్గరి డీకంప్రెసర్ మీట. కిక్కు కొట్టేముందు పిస్టన్‌ని సర్దుకోవడానికి పెట్టిన ఆ మీటతోనే చాలామంది ఇంజన్ని ఆపేసేవారు కూడా.

ఇక వైరింగు. మొదట మాగ్నెటో బళ్ళు చూద్దాం. జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్లోబ్ హోనాల్డ్ 1902లో హై వోల్టేజి మాగ్నెటోను తయారుచేశాక, కొన్ని దశాబ్దాలపాటు మోటార్‌సైకిళ్ళ ప్రాణం అందులోనే ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం వాడిన బీఎస్‌ఏ ఎం20లోనూ, 1949లో ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్‌లో తయారైన బుల్లెట్‌లోనూ ఉన్నది లూకాస్ వారి మాగ్‌డైనో అనే మాగ్నెటోయే. దీనికి బ్యాటరీతో పనిలేదు. అయస్కాంతం, తీగచుట్ట ఒకదాని దగ్గర ఒకటి తిరుగుతుంటే కరెంటు పుడుతుంది. కరెంటు దారిలో కలుస్తూ విడిపోతూ ఉండే పాయింట్లు విడిపోయిన క్షణాన ఆ కరెంటు ఠక్కున తెగుతుంది, తెగినందుకే ప్లగ్గు దగ్గర వేల వోల్టుల నిప్పురవ్వ ఎగురుతుంది.

ఇంజన్ తిరిగినంతసేపూ పుడుతూ ఉండే కరెంటును ఎక్కడని ఆపుతారు? ఆపలేరు. దానికి దొంగదారి చూపించాలి. పాయింట్ల దగ్గరి నుంచి ఒక తీగ బయటకు తెచ్చి, బటన్ ద్వారా బాడీకి ఎర్త్ చేస్తే, పాయింట్లు విడిపోయినా కరెంటు ఆ తీగమీదుగా పారుతూనే ఉంటుంది. తెగదు కాబట్టి రవ్వ లేదు. చేతక్ యజమాని వేలు నొక్కిపట్టిందీ ఇందుకే. ఫ్లైవీలు ఇంకా తిరుగుతుండగా బటన్ వదిలితే రవ్వ మళ్ళీ మొదలవుతుంది.

పక్కింటాయన బుల్లెట్ లాంటి బ్యాటరీ-కాయిల్ బళ్ళ లెక్క వేరు. కరెంటు బ్యాటరీ నుంచి తాళం, తాళం నుంచి కాయిల్, అక్కడి నుంచి పాయింట్లు, చివరికి ఎర్త్. ఈ దారిలో ఎక్కడ తెంచినా ఇంజన్ ఆగుతుంది. కిల్ స్విచ్‌ని తాళానికీ కాయిల్‌కీ మధ్య తీగను కోసి, వరసలో కలపాలి. వినడానికి సులువే. కానీ కాయిల్ తాగే మూడు నాలుగు ఆంపియర్లూ ఇప్పుడు ఈ కొత్త స్విచ్ మీదుగానే పోవాలి. స్విచ్ లోపల మురికి పట్టి 0.2 ఓమ్ అడ్డం వచ్చిందనుకుంటే, నాలుగు ఆంపియర్ల దగ్గర 0.8 వోల్టు అక్కడే మాయం. 12 వోల్టుల బండికి అది పెద్ద నష్టం కాదు. 6 వోల్టుల పాత బండికి ఎనిమిదో వంతుకు పైగా పోయినట్టే. అసలే నీరసంగా ఉన్న బ్యాటరీతో, చలిలో పొద్దున్నే పది కిక్కులు కొట్టించేది ఇలాంటి లోపమే. సన్నని స్పీకర్ తీగతో ఈ పని కానిచ్చే మెకానిక్ దగ్గర తీగ మార్చమని అడగడానికి మొహమాటపడకూడదు.

ఇంకో చిక్కు, కిల్ స్విచ్‌తో ఆపడం అలవాటైతే తాళం మరిచిపోతారు. ఇంజన్ ఆగుతుంది కానీ లైట్లు బ్యాటరీని తాగుతూనే ఉంటాయి.

యమహా ఆర్‌ఎక్స్ 100 అభిమానులు మరీ జాగ్రత్తగా ఉండాలి. 1985లో మనదేశంలోకి వచ్చిన ఈ బండిలో పాయింట్లు లేవు, వాటి బదులు సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. మాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే కరెంటును అది దాచుకుని ఒక్కసారిగా వదులుతుంది. దీన్ని ఆపేదీ ఎర్త్ పద్ధతిలోనే. జపాన్ మూలాలున్న బళ్ళలో ఈ కిల్ తీగ సాధారణంగా నల్లరంగు మీద తెల్లగీతతో ఉంటుంది. అయితే ముప్పై ఏళ్ళలో ఎన్ని చేతులు మారిందో తెలియని బండిలో రంగును నమ్మడం కన్నా మల్టీమీటర్‌ని నమ్మడం మేలు. ఈ తీగకు పొరపాటున బ్యాటరీ పాజిటివ్ తగిలిస్తే సీడీఐ పోయే ప్రమాదముంది.

విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే స్విచ్‌లు చాలా రకాలు చూపిస్తారు. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. కొన్ని 'రన్' వైపు పెడితే కలుస్తాయి, అవి బ్యాటరీ-కాయిల్ బళ్ళకు. కొన్ని 'ఆఫ్' వైపు పెడితే కలుస్తాయి, అవి మాగ్నెటో, సీడీఐ బళ్ళకు. ఒకదాని బదులు ఇంకోటి తెచ్చి ఆర్‌ఎక్స్‌కి బిగిస్తే, బండి 'ఆఫ్'లో పరుగెత్తి 'రన్'లో చచ్చిపోతుంది. కొట్టు దగ్గరే మల్టీమీటర్ పెట్టి చూసుకుంటే ఈ నవ్వులపాటు తప్పుతుంది.

ఎర్త్ పద్ధతిలో నిర్లక్ష్యం చేసేది ఎర్త్‌నే. హ్యాండిల్‌కి మందంగా పెయింటు కొట్టి ఉన్నా, రబ్బరు బుష్‌ల మీద కూర్చున్నా కరెంటు ఫ్రేముకి చేరదు, స్విచ్ నొక్కినా ఇంజన్ నవ్వుతూ తిరుగుతుంది. విడిగా ఒక తీగ తెచ్చి ఇంజన్ బోల్టుకు బిగిస్తే ఆ బెడద ఉండదు. హెడ్‌లైటు కింద హ్యాండిల్ తిరిగేచోట తీగ ఫ్రేముకి రాచుకుని తోలు ఊడితే మాత్రం అసలు స్విచ్ ముట్టుకోకుండానే బండి ఆగిపోతుంది. అందుకే ప్లగ్గులో కరెంటు రావట్లేదని తోసుకొచ్చిన ఆర్‌ఎక్స్‌కి అనుభవమున్న మెకానిక్ ముందుగా కిల్ తీగ ఊడదీసి కిక్కు కొడతాడు. రవ్వ వచ్చిందా, తప్పు స్విచ్‌దో తీగదో.

తీగ తెగితే ఏమవుతుందన్నదీ చూడాలి. కాయిల్ బండిలో స్విచ్ తీగ తెగితే ఇంజన్ ఆగిపోతుంది, చిరాకే కానీ ప్రాణానికి ముప్పు తక్కువ. మాగ్నెటో బండిలో తెగితే రోజూ హాయిగా తిరుగుతుంది, అవసరమైన రోజునే స్విచ్ పలకదు. కాబట్టి మాగ్నెటో, సీడీఐ బళ్ళవాళ్ళు రోజూ బండిని కిల్ స్విచ్‌తోనే ఆపి, ఆ తర్వాత తాళం తీయడం మంచిది. బ్రేకులే ఉండని స్పీడ్‌వే రేసు బళ్ళలో ఈ స్విచ్‌కి ఒక తాడు కట్టి రైడరు మణికట్టుకు తగిలిస్తారు. మనిషి పడితే తాడు లాగుతుంది, ఇంజన్ ఆగుతుంది.

ఒక పాత బండికి మాత్రం ఈ వైరింగులు ఏవీ పనికిరావు. ఎన్‌ఫీల్డ్ కంపెనీ ఒకప్పుడు టారస్ పేరుతో 325 సీసీ డీజిల్ బుల్లెట్‌ని అమ్మింది. డీజిల్ ఇంజన్‌కి ప్లగ్గులో రవ్వ అక్కర్లేదు, కాబట్టి తెంచడానికీ కలపడానికీ అందులో తీగే లేదు. దాన్ని ఆపాలంటే డీజిల్‌నైనా ఆపాలి, సిలిండర్లో ఒత్తిడినైనా వదిలెయ్యాలి.