పాలు ముట్టని అమ్మాయికి ఏం వండాలి?

మీ అమ్మాయి ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మా, ఇకనుంచి పాలు, పెరుగు, నెయ్యి ఏవీ తినను" అంటే మీరేం చేస్తారు? "ఏదో నాలుగు రోజుల ముచ్చటలే" అని నవ్వేసి ఊరుకుంటారు. నేనూ అదే చేశాను. రెండేళ్ళు గడిచాయి. ఆ ముచ్చట తీరకపోగా అమ్మాయికి అయిదో నెల వచ్చింది. అప్పుడు కదా నా గుండెల్లో రాయి పడింది!

సీమంతం పనులకని వరంగల్ నుంచి బయల్దేరి గోపన్‌పల్లిలో వాళ్ళ ఫ్లాటుకి చేరాను. ఒకప్పుడు తండా, పొలాలు, రాళ్ళగుట్టలు తప్ప ఏమీ లేని చోటది. ఇప్పుడు ఎటు చూసినా ఇరవై అంతస్తుల మేడలే. తెల్లారితే ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకి పోయే కార్ల బారు. ఫ్రిజ్ తెరిస్తే పెరుగు గిన్నె లేదు! గిన్నెడు మీగడ పెరుగుతో పెరిగిన పిల్ల. కడుపుతో ఉండి పాలచుక్క తాగనంటే ఏ తల్లి ఊరుకుంటుంది చెప్పండి?

ఇక్కడ నేను చేసిన తప్పు మీతో చెప్పేస్తాను. మూడోరోజు పప్పులో చెంచాడు నెయ్యి కలిపాను. ఒక్క ముద్ద నోట్లో పెట్టగానే తెలిసిపోయింది దానికి. అరవలేదు, ఏడవలేదు. కంచం పక్కకు జరిపి, "నీ చేతి వంటని కూడా అనుమానంగా చూడాలా అమ్మా ఇక?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు నేనే అడిగాను, అసలీ పట్టుదల ఎందుకే అని.

దాని వాదన సులువే. గేదె పాలివ్వాలంటే ఈనాలి. పుట్టింది దున్నపోతు దూడయితే దానికి పాలు దండగ. అరకలు, బండ్లు ఉన్న రోజుల్లో కోడెదూడకి విలువుండేది. ట్రాక్టర్లు వచ్చాక అదీ తగ్గింది. మా పుట్టింట్లో దున్నదూడలు ఎందుకు బతికేవి కావో నాకూ చిన్నప్పటినుంచి తెలుసు, ఎవరం మాట్లాడుకోలేదంతే. ఒప్పుకున్నానని కాదు. నేనిప్పటికీ పెరుగన్నమే తింటాను. కానీ వెక్కిరించడం మానేశాను.

ఈ 'వీగన్' అన్న మాట మరీ కొత్తదేం కాదు. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన స్నేహితులు పుట్టించారు. 1994 నుంచి నవంబరు 1ని ప్రపంచ వీగన్ దినంగా జరుపుకుంటున్నారు. మన శాకాహారానికీ దీనికీ తేడా పాల దగ్గరే వస్తుంది. పాకెట్ మీద పచ్చచుక్క ఉన్నా లోపల పాలపొడి ఉండొచ్చు, తేనె ఉండొచ్చు. అందుకే మన దేశపు ఆహార భద్రతా సంస్థ 2022లో వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు తెచ్చింది. పచ్చటి 'వి' అక్షరం, దానికో చిన్న ఆకు ఉన్న గుర్తు చూసి కొనుక్కోవాలి. సూపర్‌మార్కెట్లో బాదం పాలు, ఓట్స్ పాలు ఉన్నాయి కానీ ధర మామూలు పాలకి మూడు నాలుగు రెట్లు. మా అమ్మాయి వాటి జోలికి ఎక్కువ పోదు, నాకు సంతోషం.

ఆ ఆదివారం వాళ్ళ క్లబ్ హౌస్‌లో ఎవరి వంట వాళ్ళు తెచ్చుకుని తినే భోజనాలు. కార్తీక వనభోజనాల్లాగే ఉంది, ఉసిరిచెట్టు ఒక్కటే తక్కువ. నేను సర్వపిండి, పచ్చిపులుసు, నువ్వుల పొడి పట్టుకెళ్ళాను. "ఆంటీ, ఇందులో పాలు లేవా?" అని అందరూ అడిగేవాళ్ళే. సర్వపిండిలో పాలెక్కడివి తల్లీ? సకినాలు, గోంగూర, పప్పుచారు, జొన్నరొట్టె, ఏవీ పాలడగవు. తాలింపులో నెయ్యి మానేస్తే మన వంటిల్లు ముప్పాతిక మూడు వంతులు వీగనే! ఒక కుర్రాడు, జంతువుని చంపకుండా కణాల నుంచి మాంసం పెంచే పరిశోధన మన సీసీఎంబీలోనూ ఉందని చెప్పాడు. నిజమే, 2019లో దానికీ, చెంగిచెర్లలోని మాంస పరిశోధన కేంద్రానికీ కేంద్రం నిధులిచ్చింది. నాకైతే ఆ కూర మీద మనసు పోలేదు.

అసలు భయం పిల్ల ఎముకల గురించి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూస్తే, వంద గ్రాముల ఆవుపాలలో కాల్షియం సుమారు 120 మిల్లీగ్రాములు. రాగుల్లో 350 దాటింది, నువ్వుల్లో 1,200 పైనే. అయితే నువ్వులు వంద గ్రాములు ఎవరూ తినరు. ఒక పెద్ద చెంచా అంటే పది గ్రాములు, అది సగం గ్లాసు పాలకి సమానమనుకోండి. అందులోనూ ఒంటికి పట్టేది తక్కువ. కాబట్టి రాగి సంగటి, నువ్వుల పొడి, మునగాకు, ఇవన్నీ రోజూ ఉండాలి. డాక్టరు ఇచ్చిన కాల్షియం మాత్ర కూడా మానకూడదు.

ఇంతకన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి. బి12 విటమిన్ ఆకుల్లో, గింజల్లో, పప్పుల్లో ఉండదు. ఇడ్లీపిండి పులిస్తే వస్తుందనీ, స్పైరులినాలో ఉందనీ చెప్తారు. వాటిని నమ్ముకోకూడదు. కాలేయంలో నిల్వ ఉన్నది కొన్నేళ్ళు సరిపోతుంది గనక లోపం వెంటనే బయటపడదు. ఆకుకూరల్లోని ఫోలేట్ వల్ల రక్తహీనత కనిపించకపోవచ్చు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటాయి. తల్లికి లేకపోతే పాలు తాగే బిడ్డకీ అందదు. శిశువుల్లో ఈ లోపం గురించి వెల్లూరు డాక్టర్లు 1962లోనే లాన్సెట్ పత్రికలో రాశారు.

మా అమ్మాయి రక్తపరీక్షలో బి12 హద్దుకి దిగువనే వచ్చింది. "అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, నడక ఎక్కువై అనుకున్నా" అంది. పాలు తాగమని నేను పట్టుబట్టే సమయం అదే అనిపించింది. డాక్టరమ్మ మాత్రం మాత్ర రాసిచ్చింది. ఈ విటమిన్ సూక్ష్మజీవుల ద్వారా తయారవుతుంది కాబట్టి దాని నియమానికి భంగం లేదు. గొట్టం బిళ్ళ అయితే పైతొడుగు జెలటిన్, అంటే పశువుల ఎముకలు, తోలు నుంచి తీసింది కావచ్చు. అడిగి తీసుకోవాలి. ఆరు వారాలకి మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకె పైకెక్కింది. తిమ్మిర్లు తగ్గాయి. మీ ఇంట్లోనూ పాలు మానేసినవాళ్ళుంటే, ముఖ్యంగా కడుపుతో ఉంటే, ముందు డాక్టరుకి ఆ సంగతి చెప్పించండి. చాలామంది దాచేస్తారు.

ఇక పెరుగు సంగతి. గ్లాసుడు పచ్చి పల్లీలు రాత్రంతా నానబెట్టి పొట్టు తీయండి. మూడు గ్లాసుల నీళ్ళతో మెత్తగా రుబ్బి, పలచటి బట్టలో పిండండి. పిప్పి పారేయొద్దు, రొట్టెపిండిలో కలపొచ్చు. పాలని అడుగంటకుండా కలుపుతూ పది నిమిషాలు మరగనివ్వండి. గోరువెచ్చగా అయ్యాక అయిదారు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూతపెట్టండి. మర్నాటికి తోడుకుంటుంది. ఆ మొదటి పెరుగు తోడుకే వాడి, రెండోసారి చేసింది తినండి. పల్లీ వాసన కాస్త ఉంటుంది. అల్లం, కరివేపాకు తాలింపు పెట్టి మజ్జిగచారు చేస్తే తెలియదు.

సీమంతానికి పూర్ణాలు నూనెలో వేయించాను. చలిమిడిలో నెయ్యికి బదులు కొబ్బరినూనె, బోలెడు నువ్వులు. చివర్లో మా వియ్యపురాలు చారన్నం తిని, "వదినా, కాస్త పెరుగెయ్యండి" అన్నారు. నేను పల్లీ పెరుగు గిన్నె తెచ్చి, ముందే అదేంటో చెప్పి మరీ వడ్డించాను. రెండు ముద్దలు తిని, "కాస్త ఉప్పు పడాలి" అన్నారావిడ.