బాధ లేని గుండెకు శస్త్రచికిత్స ఎప్పుడు?

మన నాయుడుపేట వంటి ఊళ్లలో ఈ కథ తరచుగా ఒకే విధంగా మొదలవుతుంది. ఏ వైద్య శిబిరంలోనో, ఉద్యోగంలో చేరబోయే ముందు జరిగే పరీక్షలోనో, స్టెతస్కోపు పెట్టిన వైద్యుడు ఒక క్షణం ఆగి, "గుండెలో అదనపు శబ్దం వినిపిస్తున్నది, ఎకో తీయించండి" అంటాడు. నెల్లూరికో, తిరుపతికో, చెన్నైకో పోయి తీయిస్తే గుండె కవాటం చెడినదని తేలుతుంది. ఇంట్లో పెద్దలు అడిగే ప్రశ్న కూడ ఒక్కటే: "మనిషి గుండ్రాయిలా ఉన్నాడు గదా, ఇప్పుడు ఆపరేషను ఎందుకు?" ఇది తెలియనితనం వలన పుట్టిన ప్రశ్న అని కొట్టివేయరాదు. హృద్రోగ నిపుణులు దశాబ్దాలుగా తమలో తాము వాదించుకొంటున్నది దీనిని గూర్చియే.

గుండెలో రక్తాన్ని ఒకే దిక్కున నడిపించే తలుపులు నాలుగు ఉన్నవి. చెరువు తూము తలుపు తుప్పు పట్టి పూర్తిగా లేవకపోయినను చిక్కే, పూర్తిగా దిగకపోయినను చిక్కే. కవాటాలకు వచ్చే జబ్బులు కూడ ముఖ్యంగా ఈ రెండే: దారి ఇరుకగుట, రక్తం వెనుకకు కారుట. బాల్యంలో గొంతునొప్పి తరువాత వచ్చే కీళ్లవాత జ్వరం వలన కవాటం చెడుట మన దేశంలో ఎక్కువ. ముదిమిలో సున్నం పేరుకొని బిగిసిపోవుట మరొక రకం.

ఆల్బర్ట్ స్టార్, లోవెల్ ఎడ్వర్డ్స్ అనువారి కృత్రిమ కవాటం 1960లో వాడుకలోకి వచ్చినది. 1968లో రాస్, బ్రౌన్‌వాల్డ్ అను వైద్యులు బృహద్ధమని కవాటం ఇరుకైన రోగుల గతిని వివరించారు. బాధ లేనంతకాలం వారు చాల సంవత్సరాలు నెట్టుకొని వస్తారు. గుండెనొప్పి మొదలైన తరువాత సగటున అయిదేండ్లు, స్పృహ తప్పుట మొదలైతే మూడేండ్లు, గుండె నీరసించి ఆయాసం వస్తే రెండేండ్లు మాత్రమే మిగులుతాయి. దీనినుండి ఒక సూత్రం పుట్టినది: లక్షణం కనిపించేదాక ఆగుము, కనిపించిన పిదప ఆగకుము. ఆగుటకు కారణం లేకపోలేదు. ఆపరేషనులోనే కొంత ప్రాణాపాయం ఉన్నది. లోహపు కవాటం పెడితే రక్తం గడ్డకట్టకుండ జీవితాంతం మాత్రలు మింగవలెను, తరచు రక్తపరీక్ష చేయించుకొనవలెను. జంతుకణజాలపు కవాటం కాలక్రమాన అరిగిపోతుంది, యువకులలో మరింత త్వరగా అరుగుతుంది.

అయితే లక్షణం అను మాటకు గుర్తుపట్టుటకు ఆధారమైనది అని గదా అర్థం. ఇక్కడ ఆ ఆధారమే మోసం చేస్తున్నది. మైట్రల్ కవాటం కారుతున్న రోగిని తీసుకొందాము. ఎడమ జఠరిక ముడుచుకొన్నప్పుడు కొంత రక్తం శరీరానికి పోక, ఒత్తిడి తక్కువగా ఉన్న వెనుక గదిలోనికి సులువుగా జారిపోతుంది. ఆ సులువు వలన బలహీనపడుతున్న కండరం కూడ బలంగా తోస్తున్నట్లే కనిపిస్తుంది. ఇతరులలో గుండె తోసే శక్తి 55 శాతం ఉంటే ఆందోళన పడము. ఈ రోగిలో అది 60కి దిగినను, ముడుచుకొన్న గుండె గది వెడల్పు 40 మిల్లీమీటర్లకు చేరినను, బాధ లేకపోయినను ఆపరేషను చేయవలెనని వైద్యులు అంటారు. అంతకు మించి ఆగితే కవాటం బాగుపడినను కండరం పూర్తిగా కోలుకొనకపోవచ్చును.

గుండె మాత్రమే కాదు, మనిషి కూడ దాస్తాడు. మేడమెట్లు ఎక్కుట మానుకొన్నవానికి ఆయాసం రాదు. "వయసు మీద పడినది" అనుకొని నడక తగ్గించుకొన్నవారిని వైద్యుని పర్యవేక్షణలో ట్రెడ్‌మిల్లుపై నడిపిస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఇటీవలి పరిశోధనలు పాత సూత్రాన్ని కొంత కదిలించినవి. బృహద్ధమని కవాటం మిక్కిలి ఇరుకైనను లక్షణాలు లేని 145 మందిపై దక్షిణ కొరియాలో జరిగిన అధ్యయనం 2020లో అచ్చయినది. వెంటనే ఆపరేషను చేసిన 73 మందిలో ఆ ఆపరేషను వలనగాని తరువాత గుండెజబ్బు వలనగాని మరణించినవారు ఒక్కరు. వేచి చూసిన 72 మందిలో 11 మంది. 2024లో వెలువడిన మరొక అధ్యయనంలో 65 ఏండ్లు దాటిన 901 మంది ఉన్నారు. ఇందులో రొమ్ము కోయకుండ రక్తనాళం గుండా కవాటం అమర్చారు. ముందుగా అమర్చినవారిలో అకస్మాత్తుగా ఆసుపత్రి పాలగుట బాగా తగ్గినది గాని, మరణాలలో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. వేచి చూచినవారిలో 87 శాతం మందికి కొద్ది సంవత్సరాలలోనే కవాటం అమర్చవలసి వచ్చినది.

ఈ అంకెలను మన ఇరువదేండ్ల విద్యార్థికి నేరుగా అన్వయించుట తొందరపాటు అని నా అభిప్రాయం. అవి ఎక్కువగా పెద్దవయసువారి సున్నపు కవాటాలకు సంబంధించినవి. మన యువతలో కనిపించేది కీళ్లవాత జ్వరపు మైట్రల్ ఇరుకు. దీనికి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పేరు చెప్పుకొనవలెను. ఆంధ్రదేశం నుండి ఎందరో వెళ్లే ఆ ఆసుపత్రిలో డాక్టర్ స్టాన్లీ జాన్ బృందం, గుండెను తెరువకుండనే అంటుకొన్న కవాటాన్ని విడదీసిన 3,724 మంది వృత్తాంతాన్ని 1983లో ప్రకటించినది. 1984లో జపాను వైద్యుడు ఇనోయె బెలూనుతో అదే పని చేయు పద్ధతిని ప్రకటించాడు. కవాటం మార్చకుండ సొంతదానినే విప్పగలిగితే ముందుగా చేయుటకు జంకు తక్కువ.

ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. గర్భంతో ఉన్నప్పుడు శరీరంలో రక్త పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. అంతవరకు ఏ బాధా ఎరుగని పిల్లకు ఇరుకైన కవాటం వలన ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చును. పెండ్లి సంబంధాలు చెడునని జబ్బును దాచే తల్లిదండ్రులు ఈ లెక్క ఎరుగరు. కవాటం తీవ్రంగా ఇరుకైనదని తెలిస్తే, బాధ లేకపోయినను, గర్భం ధరించుటకు ముందే బెలూను చికిత్స గూర్చి వైద్యునితో మాట్లాడవలెను. కీళ్లవాత జ్వరం వచ్చినవారికి మూడు వారాలకొకసారి ఇచ్చే పెన్సిలిన్ సూదిమందు వైద్యుడు చెప్పినంతకాలం మానరాదు.

ఆగుట అనగా ఊరక ఉండుట కాదు. జబ్బు తీవ్రమై లక్షణాలు లేనివారికి ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి, మధ్యరకమైతే ఏడాదికో రెండేండ్లకో ఒకసారి ఎకో తీయించవలెను. ఆ కాగితాలను పారవేయక తేదీల వరుసలో ఒకచోట కుట్టి ఉంచి ప్రతిసారి వెంట తీసికొనిపోవలెను. ఒక్క ఎకోలోని అంకె కంటె, పోయిన ఏటి అంకెకు ఈ ఏటి అంకెకు నడుమ వచ్చిన తేడాను చూచియే వైద్యుడు తరచు తేదీ నిర్ణయిస్తాడు.