తోడు కూడా ఇవ్వాలి!

పక్కింటి పిన్నిగారి పెరుగు గడ్డలా ఉంటుంది. ఎలాగని అడిగితే అన్నీ చెబుతారు... పాలు ఎంతసేపు కాగాలో, ఎంత గోరువెచ్చగా ఉండాలో. తోడు మాత్రం ఇవ్వరు! ఇక మనింట్లో ఆ పెరుగు అయినట్టే. సూక్ష్మజీవుల పేటెంట్లలో వచ్చే పేచీ సరిగ్గా ఇదే.

పేటెంటంటే ఓ ఒప్పందం. కనిపెట్టినదాన్ని చదివినవాళ్లు తామూ చేయగలిగేంత స్పష్టంగా రాసివ్వాలి. బదులుగా ఇరవయ్యేళ్లు హక్కు వాళ్లదే. యంత్రమైతే బొమ్మ గీస్తే సరి. మరి గుప్పెడు మట్టిలో దొరికిన బ్యాక్టీరియా? రంగూ రూపూ పేజీలకు పేజీలు వర్ణించినా, అది చదివి మరో చోట మట్టిలోంచి అచ్చంగా దాన్నే ఏరి తేవడం ఎవరి తరం?

బెంజమిన్‌ డగ్గర్‌ అమెరికా వృక్షశాస్త్రవేత్త. యూనివర్సిటీలో రిటైరై, డెబ్భై దాటాక మందుల కంపెనీలో చేరాడు. ఊరికే కూర్చోలేదు పెద్దాయన! ఎక్కడెక్కడి మట్టో తెప్పించి వెతికాడు. 1945లో మిస్సోరీ యూనివర్సిటీ పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు ఛాయలో ఓ సూక్ష్మజీవి కనిపించింది. టెట్రాసైక్లిన్‌ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్‌ పుట్టింది దాన్నుంచే. 1949లో పేటెంటు వచ్చింది. ఇక్కడ వర్ణనతో సరిపెట్టలేదు. పియోరియాలోని ప్రభుత్వ కేంద్రంలో ఆ జీవినే జమ చేశారు. పేటెంటు కోసం అక్కడ చేరిన తొలి నమూనా అదే.

పద్ధతి బాగానే ఉంది కానీ, ప్రతి దేశంలోనూ విడిగా జమ చేయాలంటే తలకు మించిన పని. అందుకే 1977లో బుడాపెస్ట్‌ ఒప్పందం. గుర్తింపు పొందిన ఏ ఒక్క కేంద్రంలో ఇచ్చినా సభ్యదేశాలన్నీ ఒప్పుకుంటాయి. మనదేశం 2001లో చేరింది. మరుసటేడే చండీగఢ్‌లోని ఎంటీసీసీకి ఆ గుర్తింపు దక్కింది.

మన పేటెంట్‌ చట్టం పదో సెక్షన్‌ ఇంకో మాటా అడుగుతుంది. రాతలో పట్టుబడని, బయట దొరకని జీవపదార్థాన్ని దరఖాస్తు నాటికే జమ చేయడం ఒక్కటే చాలదు. అదెక్కడిదో కూడా చెప్పాలి. ఏ ఊరి మట్టినో తీసుకెళ్లి గప్‌చుప్‌గా ఉంటే కుదరదన్నమాట. చెప్పకపోయినా, తప్పు చెప్పినా పేటెంటు రద్దు కోరవచ్చు.

జమ చేసిన నమూనాను కనీసం ముప్ఫయ్యేళ్లు కాపాడతారు. ఎవరైనా అడిగితే, ఆ రోజు నుంచి కనీసం ఐదేళ్లు ఉంచాల్సిందే. మధ్యలో చచ్చిపోతే? కబురందిన మూడు నెలల్లో మళ్లీ తెచ్చివ్వాలి... ఇది అదేనని సంతకం పెట్టి మరీ!