మనాదికి మాటే మందు

జ్వరమొస్తే డాక్టరు దగ్గరకు వెళ్తాం. కాలు విరిగితే కట్టు కట్టించుకుంటాం. మరి మనసు విరిగితే? జనగామలోనో మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో ఉండే మామూలు మనిషి ఎవరితో చెప్పుకోవాలి? మాటనే మందుగా ఇచ్చే కౌన్సెలింగ్ గురించి కొన్ని సంగతులు...

జనగామ దగ్గర ఓ పత్తి రైతు. వరుసగా రెండేళ్లు పంట దెబ్బతింది. అప్పులవాళ్లు గడప తొక్కకముందే లేచి చేనుకు వెళ్లిపోతాడు. రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఏమైందని భార్య అడిగితే 'ఏం లేదు' అంటాడు.

భూపాలపల్లిలో ఓ గని కార్మికుడు. తోటి కార్మికుడు ప్రమాదంలో పోయినప్పటి నుంచీ డ్యూటీకి బయల్దేరితే చాలు, గుండె దడ. పరీక్షలన్నీ చేయించుకున్నాడు. గుండెకు ఏ లోపమూ లేదన్నారు. అయినా దడ తగ్గలేదు.

మహబూబాబాద్‌లో ఓ యువకుడు. ఇంట్లో పెళ్లిసంబంధాలు చూస్తున్నారు. తనకు ఆడపిల్లల మీద ఆకర్షణ లేదన్న సంగతి అతనొక్కడికే తెలుసు. అమ్మకు చెప్పలేడు, చెప్పకుండా ఓ అమ్మాయి మెడలో తాళి కట్టనూలేడు.

ఇవి ఏ ఒక్కరి కథలూ కావు. ఏ వీధిలో వెతికినా ఇలాంటివారు కనిపిస్తారు. వాళ్ల బాధకు పేరు లేదా అంటే... ఉంది. 'మనాది పెట్టుకున్నడు', 'రందితోని మంచం పట్టింది' అని మన పెద్దవాళ్లు ఎప్పటి నుంచో అంటూనే ఉన్నారు. మనసులోని దిగులు మనిషిని మంచాన పడేస్తుందని వాళ్లకు తెలుసు. మాటలకు కొదవ లేదు. ఆ మాటలు చెప్పుకునే చోటే కరవు!

ఎర్రగడ్డ భయం

ఈ మూడూ 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ నుంచి విడివడిన జిల్లాలు. మనసుకు జబ్బు చేస్తే ఒకప్పుడు ఇక్కడివారికి తెలిసిన దారులు రెండే. ఒకటి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి, రెండోది హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ. ఆ రెండో పేరు వింటేనే జనానికి బెదురు. 'నిన్ను ఎర్రగడ్డకు పంపాలి' అన్నది సినిమాల్లోనూ రచ్చబండ దగ్గరా వెటకారమైపోయింది. దాంతో సాయం కావాల్సినవాళ్లు కూడా నోరు మూసుకున్నారు.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో ప్రతి వందమందికీ పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నట్లు అందులో తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. అంటే బాధపడేవారిలో ఎక్కువమంది డాక్టరు గడపే తొక్కడం లేదన్నమాట.

కొలతలు తీసి కుట్టినట్టు

ఇంతకీ కౌన్సెలింగ్ అంటే ఏమిటి? 'ధైర్యంగా ఉండు', 'దేవుడి మీద భారం వెయ్యి' అని సలహాలివ్వడమా? కాదు. అదైతే మేనమామా చెబుతాడు, పక్కింటి పిన్నీ చెబుతుంది. సైకోథెరపీ ఒక పద్ధతి ప్రకారం సాగే వైద్యం. అందులోనూ బోలెడు మార్గాలున్నాయి. ఇప్పటి బాధకు మూలం చిన్ననాటి అనుభవాల్లో ఉందేమో వెతకాలన్నాడు సిగ్మండ్ ఫ్రాయిడ్. తప్పొప్పులు ఎంచకుండా మనస్ఫూర్తిగా వింటే మనిషి తన దారి తానే వెతుక్కుంటాడన్నాడు కార్ల్ రోజర్స్. 'నేనెందుకూ పనికిరాను' లాంటి ఆలోచనను పట్టుకుని, అది నిజమో కాదో పరీక్షించడం నేర్పాడు ఆరన్ బెక్.

వీటిలో ఏది గొప్పది? 1936లోనే సాల్ రోజెన్‌జ్వైగ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఓ మాట అన్నాడు... పద్ధతులు వేరైనా పనిచేసే అంశాలు చాలావరకు ఒకటే కావచ్చని. వైద్యుడికీ వచ్చిన మనిషికీ మధ్య కుదిరే నమ్మకం అందులో ముఖ్యమైనదని తర్వాతి పరిశోధనలూ చెబుతున్నాయి. ఇలా అన్ని మార్గాల నుంచీ అవసరమైనది తీసుకుని, మనిషిని బట్టి మార్చుకునేదే సమీకృత పద్ధతి, ఇంటిగ్రేటివ్ సైకోథెరపీ. రెడీమేడ్ చొక్కా అందరికీ సరిపోదు. దర్జీ కొలతలు తీసుకుని కుడితే ఒంటికి పడుతుంది. ఇదీ అంతే.

ఆ గని కార్మికుడికి ముందు ఊపిరి నిదానంగా తీసుకుని వదలడం నేర్పుతారు. తర్వాత ప్రమాదం జ్ఞాపకాన్ని మెల్లమెల్లగా మాటల్లోకి తెస్తారు. రైతు విషయంలో మొదటి ప్రశ్న ప్రాణం గురించే. ఆ గండం గట్టెక్కాక అప్పుల లెక్కను ఇంట్లో ఎలా చెప్పాలన్నది కలిసి ఆలోచిస్తారు. కౌన్సెలింగ్‌తో అప్పు తీరదు. కానీ దాన్ని ఒంటరిగా మోసే అవసరం తప్పుతుంది.

మామూలుగా వారానికోసారి, ముప్పావుగంట నుంచి గంటదాకా మాట్లాడతారు. చెప్పిన సంగతులు గడప దాటవు. ప్రాణానికి ముప్పుందనుకున్నప్పుడో చట్టం అడిగినప్పుడో మాత్రం మినహాయింపు. ఆ సంగతి మంచి కౌన్సెలర్ మొదటిరోజే చెప్పేస్తారు.

అందరికీ తలుపు తెరిచే...

కులం, మతం, డబ్బు, ఆడామగా తేడా చూడకుండా అందరికీ మానసిక వైద్యం అందాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. లైంగిక ధోరణిని బట్టి కూడా వివక్ష చూపకూడదని అందులో స్పష్టంగా ఉంది. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 'మార్చేస్తాం' అంటూ చేసే చికిత్సలు వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తాయని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. కాబట్టి మహబూబాబాద్ యువకుడు 'నన్ను బాగుచెయ్యండి' అని అడిగితే మంచి కౌన్సెలర్ ఒప్పుకోరు. 'నువ్వు జబ్బుమనిషివి కావు' అన్న మాట దగ్గరే మొదలుపెడతారు. ఇంట్లో ఎప్పుడు, ఎవరికి, ఎలా చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో అతనే తేల్చుకునేదాకా తోడుంటారు.

పల్లెల్లో మరో భయమూ ఉంది. ఎవరైనా ప్రాణం తీసుకోబోతే పోలీసుకేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లడానికే జంకుతారు. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టమే చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేనేలేదు. పరువు గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా ప్రాణం కాపాడుకోవాలి.

బెంచీ మీద నానమ్మలు

పట్నంలో ఉండే నిపుణులు పల్లెకు ఎలా వస్తారు? ఈ ప్రశ్నకు జింబాబ్వే ఓ జవాబు చూపింది. అక్కడ డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో నానమ్మల వయసువాళ్లకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. 'అతిగా ఆలోచించడం' అన్న అర్థమొచ్చే సొంత మాటతోనే అక్కడివారు దిగులును చెప్పుకుంటారు. మన రంది లాంటిదే! 573 మందితో చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. ఆరునెలల తర్వాత చూస్తే, బెంచీ దగ్గర మాట్లాడినవారిలో కుంగుబాటు లక్షణాలు మిగతావారికన్నా బాగా తగ్గాయి. మన గోవాలోనూ శిక్షణ పొందిన మామూలు మనుషులు ఆరు నుంచి ఎనిమిది విడతల కౌన్సెలింగ్‌తో తీవ్రమైన కుంగుబాటును తగ్గించగలిగారు.

ఎవరి దగ్గరకు వెళ్లాలి?

నిద్ర, ఆకలి, పని... ఈ మూడూ రెండువారాలకు మించి గాడి తప్పితే ఆలస్యం చేయకూడదు. మందులు రాసేది ఎండీ లాంటి పీజీ చదివిన సైకియాట్రిస్టు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవారిని ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, ఫీజు ఎంత అని నిస్సంకోచంగా అడగొచ్చు. నెలలో నయం చేస్తామని హామీ ఇచ్చేవారికి దూరంగా ఉండటమే మేలు.

ప్రభుత్వ వైద్యకళాశాలలు మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో మొదలయ్యాయి. ముందు వాటి అనుబంధ ఆసుపత్రిలో అడిగి చూడొచ్చు. ప్రైవేటు కౌన్సెలర్లు ఎక్కువగా హైదరాబాద్, హనుమకొండల్లోనే ఉన్నా ఫోన్లోనూ వీడియోలోనూ మాట్లాడేవారున్నారు. ఇల్లు ఇరుకైతే చెరువుకట్ట మీదికి వెళ్లి మాట్లాడినా సరే! డబ్బు లేనివారికీ అర్ధరాత్రి ఆపదలో ఉన్నవారికీ టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంట్లోవాళ్లకూ ఓ పనుంది. మనిషి తేడాగా కనిపిస్తే 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడగడానికి భయపడొద్దు. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికొస్తుంది. గుడికి వెళ్లాలనుకుంటే వెళ్లండి, మొక్కు తీర్చుకోండి. దాంతోపాటు వైద్యమూ చేయించండి.

'ఏం లేదు' అన్న మాట వెనక ఏముందో కాస్త ఓపిగ్గా వినాలి. ఆ రైతు భార్య మరోసారి పక్కన కూర్చుని 'చెప్పు, నేనున్న గద' అంటే చాలు... వైద్యం మొదలైనట్టే!