అడుగు పెడితే వెలుగు!

మన ఇళ్లలో బాత్రూమ్ లైటు స్విచ్ చాలావరకు తలుపు బయటే ఉంటుంది. తడిచేతులు తగలకూడదని పెట్టుకున్న జాగ్రత్త అది. దాంతో వచ్చే తంటాలు ఇంటింటా ఉన్నవే. లోపల మనిషి ఉండగానే అటుగా వెళ్తున్నవారు అలవాటుకొద్దీ లైటు ఆపేస్తారు. ‘ఒరేయ్, లోపల నేనున్నారా!’ అని తాతయ్య కేకేస్తాడు. ఆ తాతయ్యే అర్ధరాత్రి లేస్తే, పక్కవాళ్లకి నిద్రాభంగం ఎందుకని లైటు వెయ్యకుండా గోడ పట్టుకుని నడుస్తాడు. ప్రమాదమంతా అక్కడే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కిందపడటం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ తగిలే గాయాలతో పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అలా పోయేవారిలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. బాత్రూమ్‌లో మనిషి కదలికను బట్టి దానంతటదే వెలిగే మోషన్ సెన్సర్ లైటు పెట్టించుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

కరెంటు బిల్లు తగ్గుతుందని చెప్పి అమ్ముతుంటారు కానీ, ఆ ఆశతో మాత్రం కొనకండి. 60 వాట్ల గుండుబల్బుల కాలంలో రాత్రి ఎనిమిది గంటలు వెలిగితే నెలకు 14 యూనిట్లు కాలేది. ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ అన్ని గంటలూ వెలిగినా రెండు యూనిట్లు దాటి కాస్త అవుతుంది, అంతే. అందులో మిగిల్చేదెంత? పైగా సెన్సర్ కూడా రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది.

మార్కెట్లో రెండు రకాలున్నాయి. మొదటిది పీఐఆర్. మన ఒంటి వేడి పరారుణ కిరణాలుగా బయటికి వస్తూ ఉంటుంది. సెన్సర్ మీద కనిపించే తెల్లటి బుడిపె, ఎదుట ఉన్న చోటును అరలు అరలుగా విడదీసే లెన్సు. వేడి ఒక అరలోంచి మరో అరలోకి కదిలితే లైటు వెలుగుతుంది. అందుకే నేరుగా ఎదురొచ్చే మనిషికన్నా అడ్డంగా దాటే మనిషిని ఇది తొందరగా పసిగడుతుంది. ఎక్కడ బిగించాలో ఎలక్ట్రీషియన్‌కి చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

దీనికి మూడు బలహీనతలు. కదలకుండా కూర్చుంటే మనిషి లేడనుకుని ఆరిపోతుంది. ఫోన్ పట్టుకుని కమోడ్ మీద ధ్యానంలోకి వెళ్లేవారికి తగిన శాస్తే అనుకోండి! లైటు ఆరే టైమర్‌ను ఐదు నిమిషాలకు పెడితే చాలావరకు ఇబ్బంది ఉండదు. రెండోది గాజు. ఒంటి నుంచి వచ్చే పరారుణ కిరణాలు గాజును దాటలేవు కాబట్టి, షవర్‌కి అద్దాల అడ్డు ఉన్న ఇంట్లో స్నానం మధ్యలోనే చీకటి పడుతుంది. మూడోది మన ఎండాకాలం. గది వేడి ఒంటి వేడి దగ్గరికి చేరితే రెంటికీ తేడా తెలియక సెన్సర్ తడబడుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో డాబా కింది బాత్రూమ్ ఎలా కాగిపోతుందో వేరే చెప్పాలా?

ఇక సెన్సర్లలో రెండో రకం రాడార్. సూక్ష్మతరంగాలను పంపి, తిరిగొచ్చినవాటిలో తేడాను బట్టి కదలికను పట్టేస్తుంది. ఎండతో పనిలేదు, గాజూ అడ్డుకాదు. కాకపోతే పలుచటి తలుపును కూడా దాటి చూస్తుంది. హాల్లో ఎవరు తిరిగినా బాత్రూమ్‌లో లైటు వెలుగుతుందన్నమాట. సున్నితత్వం తగ్గించుకునే వీలున్నదే కొనాలి.

పని మొదలుపెట్టేముందు అసలు చూడాల్సింది న్యూట్రల్ వైరు. చాలా ఇళ్ల స్విచ్ బోర్డుల్లో లైటుకి ఫేజ్ మాత్రమే వచ్చి, న్యూట్రల్ నేరుగా పైన హోల్డర్‌కి వెళ్తుంది. సెన్సర్లకు ఎక్కువగా రెండూ కావాలి. న్యూట్రల్ అక్కర్లేని రకం పెడితే కొన్ని ఎల్‌ఈడీలు ఆపినా మినుకుమినుకుమంటాయి. అందుకని సెన్సర్‌ను బోర్డులో కాకుండా సీలింగ్‌లో లైటు దగ్గరే పెట్టించడం సులువు. అద్దె ఇంట్లో ఉన్నవారికి హోల్డర్‌లో బిగించే సెన్సర్ బల్బు చాలు. నీటి తుంపరలు తగిలే చోట తుంపరలను తట్టుకునే ఐపీ 44 రేటింగ్ కనీసం ఉండాలి. ఇంటికి కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే సెన్సర్ సంగతి తర్వాత, ముందు అది వేయించండి. గీజర్‌ను మాత్రం ఎవరెంత చెప్పినా సెన్సర్‌కి కలపనివ్వొద్దు.

బల్బు ఎంపికలోనే చాలామంది పొరబడతారు. నిద్రకళ్ల మీద ట్యూబ్‌లైటంత తెల్లటి వెలుగు పడితే నిద్ర తెచ్చే మెలటోనిన్ తగ్గిపోతుంది, పక్కమీదికి చేరాక కునుకు పట్టదు. రాత్రికి 2,700 కెల్విన్ల పసుపు కాంతి, అదీ మూడు వాట్లది, నేల తడి కనిపించేలా కిందివైపు ఉంటే మేలు.

కరెంటు పోయి వచ్చాక పీఐఆర్ సెన్సర్ కుదుటపడటానికి నిమిషం దాకా పట్టొచ్చు. ఇన్వర్టర్ ఉంటే ఆ లైను మీదే వేయించండి. పాత స్విచ్‌ను పీకించేయకండి. సెన్సర్ మొరాయించిన రోజున లైటు నేరుగా వెలిగేలా దాన్ని బైపాస్‌కి ఉంచమని ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి.