సంఘపు లెక్కలకు క్లౌడ్ సేవలు

కనిగిరి ప్రాంతపు రైతు ఆకాశమందలి మేఘమును నమ్మి విత్తును. ఆ మేఘము అనేక పర్యాయములు మోసము చేయుటయు మనకు అనుభవమే. నేడు వ్యాపారములో మరియొక మేఘమును గూర్చి వినుచున్నాము. అదియే క్లౌడ్. కందులు, శనగలు కలసి అమ్ముకొను రైతు సంఘములు దీనిని చేపట్టుటకు ముందు కొన్ని విషయములు తెలిసికొనవలెను.

క్లౌడ్ అనగా నేమి?

దీనికి ఆకాశముతో సంబంధము లేదు. ఒక పెద్ద భవనములో వేలకొలది కంప్యూటర్లను అమర్చి, రేయింబవళ్లు కరెంటు, చల్లదనము ఉండునట్లు చూచుచు, ఇంటర్నెట్టు ద్వారా వాటిని అద్దెకిచ్చెదరు. ఈ భవనమును డేటా సెంటరు అందురు. అమెజాన్ సంస్థ 2006లో ఈ అద్దె పద్ధతిని ప్రారంభించినది. 2022 నవంబరులో హైదరాబాదులోను తన కేంద్రములను తెరచినది. భారత ప్రభుత్వము తన క్లౌడ్ ఏర్పాటుకు మేఘరాజ్ అని పేరు పెట్టినది.

అయిదెకరముల రైతు ట్రాక్టరు కొనడు. గంటల లెక్కన బాడుగకు పిలుచును. క్లౌడ్ కూడ అట్టిదే. వాడుకొన్నంతకే పైకము చెల్లింతుము.

మూడు విధములు

ఇందు మూడు విధములు గలవు. మొదటిది ఖాళీ పొలమును కౌలుకు తీసికొనుట వంటిది. కంప్యూటరు శక్తి, నిల్వ స్థలము మాత్రమే ఇత్తురు. రెండవది దున్ని తడి పెట్టిన పొలము వంటిది. ప్రోగ్రాములు వ్రాయగలవారికి ఉపయోగము. మూడవది పండిన పంటను కొనుట వంటిది. జమాఖర్చుల ప్రోగ్రాము సిద్ధముగా నుండును. చిన్న సంఘములకు మూడవదియే తగినది.

ఎందుకు అవసరము?

ఈ ప్రాంతములో నేనెరిగిన ఒక సంఘమున కందుల కొనుగోలు ముమ్మరముగా నున్నప్పుడు కార్యాలయపు కంప్యూటరులోని డిస్కు చెడిపోయినది. ఎవరు ఎన్ని బస్తాలు వేసిరో, ఎవరికెంత బాకీయో తెలియలేదు. కాటా చీటీలు దాచుకొన్నవారికి పైకము ముట్టినది. చీటీ పోగొట్టుకొన్నవారు పెద్దమనుషుల మాటపై ఆధారపడవలసి వచ్చినది. లెక్కలు క్లౌడులో నున్నచో మరియొక కంప్యూటరు నుండి మరునాడే తెరచి చూచుకొనవచ్చును.

అయితే క్లౌడులో పెట్టినంత మాత్రమున భద్రము కాదు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో ఒక డేటా సెంటరు భవనము కాలిపోయినది. వేరుచోట ప్రతి ఉంచుకొనని వినియోగదారులు కొందరు తమ సమాచారమును శాశ్వతముగా పోగొట్టుకొనిరి. విత్తనమునంతటిని ఒకే గాదెలో పోయరాదను మాట ఇచ్చటను వర్తించును.

పాటించవలసిన పద్ధతులు

1. మొదట ఒక్క పద్దుతో, అనగా సభ్యుల బస్తాల లెక్కతో ప్రారంభింపవలెను. ఒక సీజను వరకు కాగితపు రిజిస్టరును కూడ వ్రాయవలెను.

2. ఖాతా సంఘము పేరున నుండవలెను. గుమాస్తా సొంత ఫోనుపై ఉండరాదు. గుమాస్తా మానివేసిన నాడు లెక్కలు కూడ అతనితో పోవును.

3. ఖాతాను తెరచు అధికారము ఇద్దరు కార్యవర్గ సభ్యులకు ఉండవలెను. పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చు అంకెను కూడ అడుగు ఏర్పాటు చేసికొనవలెను. ఆ అంకెను ఎవరడిగినను చెప్పరాదు.

4. నెలకొకసారి లెక్కలనన్నిటిని పెన్‌డ్రైవులోనికి దించి, కార్యాలయములో గాక వేరొక ఇంట భద్రపరుపవలెను.

5. చందా కట్టుటకు ముందు, సేవ మానుకొన్నచో మన లెక్కలను ఏ రూపమున తిరిగి ఇత్తురో వ్రాతమూలముగా తెలిసికొనవలెను. మొదటి సంవత్సరపు రాయితీ ధరను గాక, తరువాతి ధరను లెక్కలోనికి తీసికొనవలెను.

6. సిగ్నలు సరిగా అందని గ్రామములలో, నెట్టు లేకున్నను పనిచేసి, నెట్టు వచ్చినప్పుడు లెక్కలను పైకి పంపు ప్రోగ్రామును ఎన్నుకొనవలెను.

7. సభ్యుల ఆధారు, బ్యాంకు సంఖ్యలను అవసరమైనంత వరకే ఎక్కింపవలెను. ఇట్టి సమాచార రక్షణకు 2023లో చట్టము చేయబడినది.

ప్రయోగమునకు పెద్ద ఖర్చు అక్కరలేదు. గూగుల్ ఖాతాతో 15 గిగాబైట్ల స్థలము ఉచితముగా లభించును. చిన్న సంఘపు అంకెల పద్దులకు ఇది ధారాళముగా సరిపోవును.

రైతు సోదరులు రాబోవు సర్వసభ్య సమావేశములో రెండు ప్రశ్నలు అడుగవలెను. మన లెక్కల తాళము ఎవరెవరి వద్ద నున్నది? రెండవ ప్రతి ఎచ్చట నున్నది? ఈ రెంటికి వెంటనే జవాబు చెప్పగల సంఘము నిర్భయముగా క్లౌడును చేపట్టవచ్చును.